జీపు ఠక్కుమంటే

చప్పుడు చిన్నదే. గేరు మార్చి క్లచ్చి వదలగానే ఒక్కసారి "ఠక్" మంటుంది. ఆ తరవాత జీపు తన దారిన తాను పోతుంది. వంటింట్లో ఎవరో గరిటె కింద పెట్టినట్టుంటుంది. ఆ మాత్రానికి ఇంత కంగారెందుకు అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను, మూడు నెలలపాటు.

ఏమీ చెయ్యలేదని కాదు. పట్నంలో ఒక షెడ్డుకు తీసుకువెళ్లాను. మొదటిసారి షాకబ్జర్లు మార్చారు. రెండోసారి ఇంజను కింది రబ్బరు మౌంటింగులు మార్చారు. మూడోసారి గేరుబాక్సు దింపాలన్నారు. గేరుబాక్సుకంటే ముందు నా గుండె దిగింది. "ఆలోచించుకుని వస్తాను" అని బయటపడ్డాను. బిల్లులు పెరిగాయి గాని చప్పుడు తగ్గలేదు. ఆ చప్పుడు ఎప్పుడు వస్తోందని వాళ్లు అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. అసలు తప్పంతా అక్కడే ఉందని తరవాత తెలిసింది.

మార్గశిరమాసంలో మా అమ్మనూ, మా ఆవిడనూ, అమ్మాయినీ ఎక్కించుకుని అరకు బయలుదేరాను. నాది నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాతకాలపు జీపు. శృంగవరపుకోట దాటి ఘాటురోడ్డు ఎక్కడం మొదలుపెట్టామో లేదో, మా ఆవిడ "మళ్లీ కొట్టింది" అన్నది. టైడా దగ్గర మా అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. డముకు దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పిపోయి మానేసింది. మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. పెదవులు కదుపుతూ కూచుంది. జీపు నడిపేవాడికి అంతకంటె భయంకరమైన హెచ్చరిక మరొకటి లేదు.

అనంతగిరిలో టీకి ఆగాము. రోడ్డు పక్క సిల్వరోకు చెట్లు, వాటికి పాకిన మిరియపు తీగలు, కింద కాఫీ మొక్కలు. అందరూ వాటిని చూస్తున్నారు. నేను జీపును చూస్తున్నాను. బల్లమీద కూచుని టీ తాగుతున్న ఒకాయన నన్ను చూస్తున్నాడు. కటికి జలపాతానికి యాత్రికుల్ని చేరవేసే జీపు డ్రైవరు. ఆ దారి ఎరిగినవారికి వేరే చెప్పనక్కర లేదు. రాళ్లమీద ఎక్కి, వాగులో దిగి, మళ్లీ రాళ్లమీద ఎక్కాలి. అక్కడ జీపు బాగుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"మీరొస్తున్నప్పుడు ఇన్నాను బాబూ. సప్పుడెప్పుడొస్తంది? గేరేసినప్పుడా, ఏక్సిలేటరు ఒగ్గేసినప్పుడా?" అని అడిగాడు.

"రెండప్పుడూనూ" అన్నాను.

"ఒక్కపాలేనా, అదేపనిగా కొడతాదా?"

"ఒక్కసారే. మళ్లీ గేరు మారిస్తే మళ్లీ ఒకసారి."

"మలుపు తిరిగినప్పుడు ఎక్కువవతాదా? బ్రేకేసినప్పుడో?"

"లేదు."

"మరైతే గేరుబాక్సు జోలికెల్లకండి" అని గ్లాసు కింద పెట్టి లేచాడు.

నాలుగు ప్రశ్నలు. మూడు నెలల్లో మూడు బిల్లులు చెయ్యలేని పని వాటితో అయిపోయింది. ఆయన కిటుకు ఏమిటో వివరిస్తాను. జీపులున్నవారికే కాదు, ఇటీవల నాలుగు చక్రాల డ్రైవు బళ్లు కొంటున్నవారికీ ఇది పనికి వస్తుంది.

ఇంజను పుట్టించిన బలం క్లచ్చి దాటి గేరుబాక్సుకు, అక్కణ్ణుంచి ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు వెడుతుంది. అందులోంచి రెండు పొడుగాటి గొట్టాలు బయలుదేరుతాయి; వాటినే ప్రొపెల్లరు షాఫ్టులంటారు. ఒకటి ముందు ఇరుసుకు, ఒకటి వెనక ఇరుసుకు. ఇరుసు మధ్య లావుగా గుండ్రంగా ఉండే పెట్టెలో పళ్లచక్రాలున్నాయి, అదే డిఫరెన్షియలు. అది బలాన్ని చెరో చక్రానికీ పంచుతుంది.

గేరుబాక్సు జీపు చట్రానికి బిగించి ఉంటుంది. ఇరుసు మాత్రం కమాన్లమీద పైకీ కిందికీ ఊగుతుంది. ఈ రెంటినీ కలిపే షాఫ్టు వంగుతూ తిరగాలి, సాగుతూ తిరగాలి. వంగడానికి రెండు చివర్లా రెండు జాయింట్లు, సాగడానికి మధ్య ఒకదానిలో ఒకటి జారే స్లిప్పు జాయింటు. జాయింటులో ఎదురెదురుగా రెండు ఇనప పంగలు, వాటి మధ్య కూడిక గుర్తులాంటి ఉక్కు ముక్క ఉంటాయి. ఆ ముక్కను మేస్త్రీలు "క్రాసు" అంటారు. దాని నాలుగు కొనలకూ నాలుగు చిన్న గిన్నెలు, గిన్నెల్లో సూదుల్లాంటి సన్నని రోలర్లు. ఈ ఊహ కొత్తది కాదు. 17 వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్టు హుక్ దీన్ని వాడాడు. ఆయన పేరుమీద ఇప్పటికీ హుక్ జాయింటు అంటారు. 1903 లో అమెరికాలో క్లారెన్సు స్పైసరు మోటారు బళ్లకు తగినట్టు దీనికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు చాలా కార్లు సైకిలులాగ గొలుసుతో నడిచేవి. 1941 నుంచి యుద్ధంకోసం వేలకు వేలు తయారైన విల్లీస్ జీపుల్లోనూ ఇవే జాయింట్లు. 1940ల చివర బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపుల్ని కూర్చడం మొదలుపెట్టాక, మన కొండదారులకూ ఈ క్రాసు బాగా పరిచయమైంది.

ఈ వరసలో ఏ ఒక్క కీలు వదులైనా, బలం దిశ మారినప్పుడల్లా ఆ వదులు మేరకు ఇనుము ఇనుమును కొడుతుంది. గేరు వేస్తే ఇంజను చక్రాన్ని నెడుతుంది. ఏక్సిలేటరు వదిలితే చక్రమే ఇంజనును నెడుతుంది. రెండప్పుడూ ఒక్కొక్క దెబ్బ. అందుకే ఆయన మొదటి ప్రశ్న "వేసినప్పుడా, వదిలినప్పుడా" అన్నది.

"ఒక్కసారా, అదేపనిగానా" అన్నదానిలో ఇంకొక లెక్క ఉంది. షాఫ్టు నాలుగైదు చుట్లు తిరిగితేగాని చక్రం ఒక చుట్టు తిరగదు. 28 అంగుళాల చక్రం గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది. షాఫ్టు పది చుట్లు దాటుతుంది. లెక్కపెట్టడానికి వీలైన నిదానంతో చప్పుడు వస్తే చక్రం దగ్గరా ఇరుసు దగ్గరా చూడాలి. లెక్కకు అందనంత గబగబా వస్తే షాఫ్టును అనుమానించాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు పిచిక అరిచినట్టు కిచకిచమంటే క్రాసులో గ్రీజు ఎండిపోయిందని అర్థం. ఆ కిచకిచ వినకపోతే కొన్నాళ్లకు అదే ఠక్కవుతుంది.

ఆయన జీపును సమంగా ఉన్న చోటికి తోయించాడు. నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టించాడు. ఇంజను ఆపి, గేరు తీసి, హాండుబ్రేకు వదిలాడు. ఇది చదివి ఎవరైనా చెయ్యబోతే రాళ్ల సంగతి మరవకండి. నా జీపులాంటి పాతవాటిలో హాండుబ్రేకు చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఒక డ్రమ్ముంటుంది, అది షాఫ్టునే పట్టుకుంటుంది. అది వదిలితేగాని షాఫ్టు కదలదు. అది వదిలాక బండి నిలవడానికి ఆ రాళ్లే దిక్కు. జాకీమీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎన్నడూ దూరకూడదు.

కిందికి దూరి ఆయన రెండు చేతులతో జాయింటుకు అటూ ఇటూ పట్టుకుని, తడిబట్ట పిండినట్టు ఎదురుబొదురుగా తిప్పాడు. ముందు చివర జాయింటు బిగువుగా ఉంది. వెనక చివర జాయింటులో ఒక పంగ కదిలింది, రెండోది కదలలేదు. "ఇదుగో" అన్నాడు. నన్నూ దూరమన్నాడు. దూరి పట్టుకుంటే నా చేతికి తెలిసింది. గిన్నె అంచున ఎర్రని పొడి, కుంకుమ రాలినట్టు. అది తుప్పు, గ్రీజు లేక సూదులు అరిగి రాలిన పొడి. కంటికింత బాగా కనిపించేదాన్ని మూడు నెలల్లో ఎవరూ చూడలేదు, నాతో సహా.

ఆయన అంతటితో ఆపలేదు. స్లిప్పు జాయింటు పట్టి తిప్పి చూశాడు. డిఫరెన్షియలు ముందు మెడను తిప్పితే కొంచెం కదిలింది. అది ఉండవలసిందే, పళ్లచక్రాల మధ్య ఆ మాత్రం ఎడం లేకపోతే అవి వేడెక్కి పాడవుతాయి. అదే మెడ పైకీ కిందికీ ఊగితే బేరింగు పోయినట్టు. ఊగలేదు. ఇరుసును కమానుకు బిగించిన యూ బోల్టులు చూశాడు. అవి వదులైతే బ్రేకు వేసినప్పుడు ఇరుసే జరిగి కొడుతుంది. బోల్టు దగ్గర ఇనుము రాసుకుని మెరుస్తుంది. ఒక దొంగను పట్టుకున్నాక కూడా ఇల్లంతా వెతికినట్టు అనిపించింది నాకు.

"దొరికింది కదా, నెమ్మదిగా దిగిపోతాం" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎక్కడానికైతే ఎక్కీసింది బాబూ. దిగడానికి ఒప్పుకోదు."

నేను నాకు తెలిసిన తెలివి ప్రయోగించాను. వెనక షాఫ్టు ఊడదీసి, ముందు చక్రాల బలంమీద దిగితే? అలా నడిపించవచ్చునని ఎక్కడో చదివాను.

"నడుస్తాది. ముందు జాయింట్లు మాత్రం నిన్న పుట్టాయా? వాటి వయసూ అంతే. నేనొక్కణ్ణే అయితే ఏమో గాని, ముసలమ్మగారినీ పాపనీ ఎట్టుకుని దిగను" అన్నాడు.

అప్పటికి నాకు విషయం బోధపడింది. ఘాటు దిగేటప్పుడు కాలి బ్రేకుమీదే ఆధారపడితే డ్రమ్ములు కాగిపోయి పట్టు తప్పుతుంది. అందుకే తక్కువ గేరులో ఉంచి, ఇంజనుచేత బండిని పట్టి ఉంచుతాం. ఆ పట్టు చక్రందాకా వెళ్లేది ఈ షాఫ్టుగుండానే. మలుపులో ఆ క్రాసు విరిగిందంటే ఇంజను పట్టు ఒక్క క్షణంలో పోతుంది. హాండుబ్రేకు లాగుదామా అంటే, నా జీపులో అదీ పట్టుకునేది ఈ షాఫ్టునే! రెండు తాళ్లూ ఒకే మేకుకు కట్టినట్టు. పైగా వేలాడిన షాఫ్టు కింద బ్రేకు గొట్టాలను కొట్టినా కొట్టవచ్చు. గరిటె చప్పుడు అనుకున్నదానిమీద మా నలుగురి ప్రాణాలూ ఆధారపడి ఉన్నాయి.

క్రాసు శృంగవరపుకోటనుంచి రావాలి. మర్నాడు పొద్దున్న బస్సులో తెప్పిస్తానన్నాడు. మావాళ్లను తన జీపులో బొర్రా స్టేషనుకు చేర్చాడు. సాయంత్రం కిందికి దిగే పాసింజరులో పంపుదామని. మా ఆవిడ జీపు ఎక్కుతూ, "ఆ చప్పుడు సంగతి మూడు నెలలనించీ నేను చెబుతూనే ఉన్నాను" అన్నది. అది నిజమే గనక నేను మాట్లాడలేదు.

బొర్రా స్టేషనులో రైలుకోసం నిలబడి ఉండగా ఖనిజం మోసే గూడ్సు ఒకటి ఆగి, మళ్లీ బయలుదేరింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు పంపడంకోసం వేసిన కొత్తవలస-కిరండూలు లైను అది. కొండలు తొలిచి 50 కి పైగా సొరంగాలు చేశారు. ఖాళీ వాగన్లు పైకి పోతాయి; నిండువి కిందికి దిగుతాయి. ఇంజను కదలగానే మొదటి వాగను ఠక్కుమంది, తరవాత రెండోది, మూడోది. ఆ చప్పుడు మా ముందునించి పరుగెత్తి చివరి వాగనుదాకా పోయింది. ఒక్కొక్క కొక్కెం దగ్గర ఉండే వదులు ఎంత? బెత్తెడు కూడా ఉండదు. అన్నీ కలిస్తే ఆ మోత!

"నాన్నా, మన జీపులాగే కొడుతోంది" అంది మా అమ్మాయి.

ఆ పిల్ల అన్నదానిలో సగం నిజం. రైలుకు ఆ వదులు కావాలనే పెట్టారు. జీపులోనూ ప్రతి కీలు దగ్గరా పిసరంత వదులుంటుంది. పాత బండిలో అన్నీ కలిసి చిన్న ఠక్కు వినిపించడం జబ్బు కాదు. నిన్న లేని చప్పుడు ఇవాళ వస్తే, పోయిన నెలకంటె ఈ నెల పెరిగితే, అది జబ్బు. కనక బండి బాగున్న రోజుల్లోనే దాని మామూలు చప్పుడు చెవికి అలవాటు చేసుకోవాలి.

మర్నాడు బస్సులో క్రాసు వచ్చింది. ఆయన విప్పే ముందు సుద్దముక్కతో పంగలమీద గుర్తులు పెట్టాడు. ఇది ముఖ్యం. వంగి తిరిగే హుక్ జాయింటు సమవేగంతో తిరగదు. చుట్టుకు రెండుసార్లు వడి పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. షాఫ్టు రెండో చివర జాయింటు ఆ ఎగుడుదిగుళ్లను సరిచేస్తుంది, రెండు చివర్ల పంగలూ ఒకే వరసలో ఉంటే. స్లిప్పు జాయింటు ఊడదీసి ఒక పన్ను అటో ఇటో ఎక్కిస్తే ఆ వరస తప్పుతుంది; కొత్త క్రాసు వేసినా బండి వణుకుతుంది. కొన్ని షాఫ్టులమీద ఇందుకే బాణం గుర్తులుంటాయి. గిన్నెలు ఎక్కించేటప్పుడు సూదులు పడిపోకుండా గ్రీజుతో అంటించి పెట్టాడు. ఒక్క సూది అడ్డంపడినా గిన్నె కూచోదు.

పాత క్రాసు నా చేతిలో పెట్టాడు. నున్నగా ఉండవలసిన కొనమీద గాట్లు, గోటికి తగులుతున్నాయి. ఆ సూదులు పూర్తిగా దొర్లవు, ఉన్నచోటే కొంచెం అటూ ఇటూ ఊగుతాయి. గ్రీజు ఉన్నంతకాలం ఫరవా లేదు. నీళ్లు చేరితే ఉన్నచోటే తవ్వుకుంటాయి.

"వానల్లో గెడ్డలు దాటించారా బాబూ?" అని అడిగాడు.

దాటించాను. శ్రావణంలో స్నేహితులతో సరదాగా వెళ్లి మూడు వాగులు దాటించాను. తరవాత గ్రీజు పెట్టించలేదు. అంచేత నా జీపు ఏ కంపెనీదో ఇక్కడ చెప్పనక్కర లేదు; తప్పు దానిది కాదు. ఆయన వాగు దాటిన రోజున గ్రీజుగన్ను పట్టుకోనిదే అన్నం తినడట. పాత గ్రీజూ నీళ్లూ బయటికి వచ్చేదాకా కొట్టాలన్నాడు. వేడెక్కిన డిఫరెన్షియలు చల్లటి నీళ్లలో ఒక్కసారి దిగితే లోపలి గాలి ముడుచుకుని నీటిని పీల్చుకుంటుంది. అంచేత ఆయిలు కూడా చూడాలి. పాలు కలిసినట్టు తెల్లబడితే మార్చెయ్యాలి. గ్రీజు నిపుల్ లేని మూతజాయింట్లున్న కొత్త బళ్లవారు గన్ను కొనక్కర లేదు గాని, చేత్తో తిప్పి చూసే పరీక్ష వారికీ తప్పదు.

మరొక ఠక్కు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. నాలుగు చక్రాల గేరు వేసిన బండి మలుపులో బిగుసుకుపోయి, తరవాత ధన్మని కొడితే, ఏదో విరిగిందని భయపడి షెడ్డుకు పరుగెత్తేవారున్నారు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటె ఎక్కువ దూరం తిరగాలి. ఇలాటి జీపుల్లో ఆ గేరు వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగానికి కట్టుబడిపోతాయి. బురదలోనూ గులకరాళ్లమీదా చక్రం కాస్త జారి ఆ తేడా తీర్చుకుంటుంది. ఎండిన తారురోడ్డుమీద జారదు. బిగువంతా షాఫ్టుల్లో మెలిపడి, ఒక్కసారి వదులుతుంది. అది బండి జబ్బు కాదు, నడిపేవాడి అలవాటు. కటికి దారిలో వేసుకున్న గేరును తారురోడ్డు ఎక్కగానే తీసెయ్యాలి. మీట రాకపోతే బలవంతం చెయ్యకుండా బండిని తిన్నగా కొంచెం వెనక్కి నడిపితే బిగువు సడలి వస్తుంది. మలుపులోనే, అదీ ముందు చక్రాలకు బలం అందినప్పుడే, టిక్కుటిక్కుమని వరసగా కొడితే మాత్రం ముందు ఇరుసు కొనల్లోని జాయింటును చూపించాలి.

ఆ మధ్యాహ్నం రెండో గేరులో ఒక్కణ్ణే ఘాటు దిగాను. ఒక్కసారి కూడా ఠక్కుమనలేదు. డముకు దగ్గర ఆగి హాండుబ్రేకు లాగి చూసుకున్నాను. పట్టుకుంది. నిన్న అదే చోట నలుగురం ఉన్నామని గుర్తుకు వచ్చింది. కాసేపు బండి దిగలేదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. వారం తరవాత మిక్సీ ఏదో గరగరమంటోందని నేను వంటింట్లోకి తొంగిచూస్తే, తల ఎత్తకుండా అడిగింది: "వేసినప్పుడా, వదిలినప్పుడా?"